తాలు కాయ

వన్నూరప్పకు నూరు దాకా వచ్చు.
కండ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి
కండక్టరు ఊర్ల పేర్లు అరిచినట్టు అరుస్తాడు.
నాలుగు చెనక్కాయలు ఇయ్యి నాయనా అంటే మాత్రం
గుప్పెడు తీసి నా చేతిలో పోస్తాడు.
పద్దెనిమిదేండ్లుగా అంగన్‌వాడీ నడుపుతాండా,
ఈ గుప్పెడు సంగతి నా కంటికి ఆనలేదు.
రిజిస్టరులో 'అంకెలు వచ్చును' అని
రాసుకుంటా వచ్చినాను.

ఆయమ్మ పేరు ఒయూన్. మంగోలియా అంట.
పటంలో చూస్తే చైనా నెత్తికెత్తుకున్న మూట మాదిరుంది.
కళ్యాణదుర్గం దాటి మా ఊరు చేరేసరికి
ఎర్రదుమ్ముకు ఆమె కనుబొమలు రంగు మారినాయి.
చంటిపిల్లోళ్ళకు లెక్క చేతులతో ఎట్లా అందియ్యాలని
ఆ దేశం టీచర్లు, ఈ దేశం టీచర్లు
ఒకరి బడికొకరు పోయి చూసుకునే పని.
ఆమె మాటను వెంటొచ్చిన అబ్బాయి ఇంగ్లీషు చేస్తాడు,
అనంతపురం సుహాసిని దాన్ని తెలుగు చేస్తుంది.
రెండు మడవలు దాటిన నీళ్ళ మాదిరి
నా దగ్గరికొచ్చేసరికి మాటలో సగమే తడి.

అందుకే ఆమె మాట్లాడ్డం మానేసి సంచి ఇప్పింది.
గొర్రె మడమ ఎముకలు,
ఎన్ని చేతులు తిరిగినాయో, చింతగింజల్లా నునుపు.
సూపర్‌వైజరమ్మ కుర్చీ ఎనక్కి జరుపుకుంది:
"బడిలో ఎముకలేంది తల్లీ, ఫోటోలు తీయొద్దండి."

ఒక పక్క పడితే గుర్రం, ఒక పక్క ఒంటె,
ఇంకో పక్క గొర్రె, ఇంకోటి మేక.
చౌడమ్మ ఏసింది: మూడు గొర్రెలు, ఒక మేక.
దాదాపీరుకు అన్నీ ఒంటెలే.
ఒంటెను కండ్లతో చూసినోళ్ళు లేరు,
అయినా అందరికీ ఒంటే కావాల.

మనవణ్ణి పిలుచుకపోను వచ్చిన తిప్పక్క
గడప బయటే నిలబడింది. గొర్రెల ఎంట అరిగిన కాళ్ళు.
ఒక ఎముకెత్తి బొటనేలితో రుద్ది
"ముసిలి గొర్రెది" అనింది.
ఎవరూ తర్జుమా చేయలేదు. ఒయూన్ తలూపింది.
దొడ్డి వాకిట్లో మందను ఎట్లా ఎంచుతావని సైగ.
తిప్పక్క రెండేళ్ళు ముందుకు పొడిచింది:
జోడు, జోడు, జోడు.
ఒయూన్ చేతిలోనూ అవే రెండేళ్ళు.

మధ్యాన్నం మా వంతు.
మాకేముంది, చెనక్కాయలుండాయి.
గంపెడు కుమ్మరించి, ఒలవొద్దని చెప్పి,
ఒంటి గింజది, రెండు గింజలది, మూడు గింజలది
మూడు కుప్పలు చేయమంటి.
ఆ ఆట నేను అప్పటికప్పుడు పుట్టించింది;
సుహాసిని దాన్ని పెద్దపెద్ద ఇంగ్లీషులో చెప్తాంటే
నాకే సిగ్గయింది.
పిల్లోళ్ళు కాయల నడుములు తడిమినారు,
చెవి కాడ పెట్టుకుని ఊపినారు.

వన్నూరప్ప ఒక కాయను శానాసేపు ఊపినాడు.
ఈ చెవి. ఆ చెవి. మళ్ళా ఈ చెవి.
ఏ కుప్పలోనూ ఎయ్యకుండా తెచ్చి
నా అరచేతిలో పెట్టినాడు. ఒక్కటే.
"దీంట్లో ఏం లేవు టీచర్. దీనికి కుప్ప యాడ?"

నొక్కి చూస్తే తాలు.
ఊడల మీద వాన ఎగ్గొట్టిన ఏడు అది.
లేకపోవడం మా ఊరికి కొత్తేం కాదు,
ఇంటింటికీ తెలుసు.
దానికీ ఒక అంకె ఉందని
బిడ్డలకు నేనే చెప్పలేదు,
ఎప్పుడూ ఒకటితోనే మొదలుపెడతాంటి.

వాని మాట రెండు మడవలూ దాటిపోయింది.
ఈసారి నీళ్ళు తగ్గలేదు.
ఒయూన్ సుద్దముక్క తీసుకుని
మూడు కుప్పలకూ ముందు, నేల మీద,
గుండ్రంగా ఒక గీత చుట్టింది.
వాడు తాలుకాయను దాని నడిమధ్య పెట్టి
చేతులు దులుపుకున్నాడు.

పోయేటప్పుడు ఆమె నాలుగు ఎముకలిచ్చింది.
వన్నూరప్ప ఒక్కో ఎముక పక్కన ఒక్కో కాయ పెట్టి
కాయలు ఆమెకిచ్చినాడు.
ఆ ఎనక గీతలోంచి తాలుదీ తీసి,
"ఇది ఎంచొద్దు, ఊరికే" అన్నాడు.

మొన్న ఫోటో వచ్చింది.
కిటికీ బయటంతా తెలుపు.
ఉన్ని టోపీల పిల్లోళ్ళు వరసగా కూచున్నారు,
ఒక పాప చెవి కాడ మా కాయ.
సూపర్‌వైజరమ్మ ఫైలుకు ఒక కాపీ కావాలనింది.
వన్నూరప్ప ఫోన్ మీద వంగి
శానాసేపు చూసి అడిగినాడు:
"ఆయమ్మికి ఏం ఇనపడింది?"